ఆదివారం రెండు గంటలతో వీధివాళ్లను ఎలా కూడగట్టాలి?

విశాఖ మధురవాడలో మా వీధి చివర గెడ్డ (వాన నీళ్లు పోయే కాలువ) పూడిపోయింది. గట్టి వాన పడితే అరగంటలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మూడో ఇంటి పెద్దావిడ గడపకు ఇసుక బస్తా అడ్డం పెట్టుకుని పడుకుంటారు.

సోమవారం ఫిర్యాదుల కార్యక్రమంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. ‘పరిష్కరించాం’ అని ఫోనుకు సందేశం వచ్చింది, పూడిక అలాగే ఉంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు, మొదటి అప్పీలు రాస్తున్నాను.

కాగితాల పని ఒక్కడినే చేయగలను. మనుషులను కలపడమే చేతకావడం లేదు. వాట్సాప్ గ్రూపులో 62 మంది ఉన్నారు, రెండు ఆదివారాలు సమావేశానికి పిలిస్తే రెండుసార్లూ అదే నలుగురు వచ్చారు. కరపత్రం ఇస్తే ‘ఏ పార్టీ తరఫున?’ అని అడిగారు. ఏ పార్టీ తరఫునా కాదు.

ఉక్కు పరిశ్రమ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021లో కూర్మన్నపాలెంలో మొదలైన రిలే దీక్షల్లో జనం వంతులు వేసుకుని కూర్చోవడం చూశాను. అలా వంతులు పంచుకునే స్థితికి మా వీధి రావాలని నా ఆశ.

షిఫ్టు ఉద్యోగం వల్ల నాకు దొరికేది ఆదివారం ఉదయం రెండు గంటలే. అనుభవమున్నవారు చెప్పండి: ఆ సమయం ఇంటింటికీ తిరగడానికి పెట్టాలా, వచ్చిన నలుగురితోనే కమిటీ మొదలుపెట్టాలా?