బాక్స్ మీద సీ3, లోపల కాదు. తప్పు పర్చేజ్‌దా, మెయింటెనెన్స్‌దా?

ఫీలర్‌గేజ్:
మా ఐడీ ఫ్యాన్‌కి (వేడి పొగను లాగే ఫ్యాన్) 22320 స్ఫెరికల్ రోలర్ బేరింగ్ వేశాం, సీ3, అంటే లోపల మామూలు కంటే ఎక్కువ ఖాళీ (క్లియరెన్స్) ఉండే రకం. పేరున్న బ్రాండ్ బాక్స్, లోపల నూనె కాగితం, కన్ఫార్మిటీ సర్టిఫికెట్, అన్నీ ఉన్నాయి. పదకొండో రోజు టెంపరేచర్ ఎక్కడం మొదలైంది, ఆ రాత్రికే పట్టేసింది. అదే లాట్‌లోవి స్టోర్‌లో ఇంకో ఏడు ఉంటే ఒకటి విప్పి కొలిచా. 0.07 ఎంఎం ఫీలర్ రేకు రోలర్ దగ్గర ఖాళీలో దూరింది, 0.08 దూరలేదు, అంటే సుమారు 70 మైక్రాన్లు. 100 ఎంఎం స్ట్రెయిట్ బోర్‌కి సీ3 అంటే 100 నుంచి 135 మైక్రాన్లు ఉండాలి. 60 నుంచి 100 అయితే మామూలు క్లియరెన్స్. వేడి ఫ్యాన్‌లో షాఫ్ట్ నుంచి లోపలి రింగ్ వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఖాళీ కాస్తా మూసుకుపోతుంది. సీ3 అడిగేదే అందుకు.

భూతద్దం పెట్టి చూస్తే బేరింగ్ మీద "సీ3" చెక్కిన లోతు, మెరుపు పక్కనున్న నంబర్‌తో కలవట్లేదు. పర్చేజ్ వాళ్లేమో పేపర్లు సరిగ్గా ఉన్నాయి, మాకేం సంబంధం అంటున్నారు. మీరేమంటారు?

రెండో_షిఫ్ట్:
టేపర్ బోర్ (ఒకవైపు సన్నబడే రంధ్రం) కాదుగా? దానికి క్లియరెన్స్ టేబుల్ వేరు.

కొటేషన్_మూడు:
పర్చేజ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ముందు మాట సరిగ్గా వాడదాం. మీరు చెప్పిన దాని ప్రకారం అది నకిలీ బేరింగ్ కాదు, అసలు బేరింగే, నంబర్ చివరి సీ3 అనే సఫిక్స్ తప్పు. నకిలీ వేరు, తప్పుడు వర్ణన వేరు. రెండోది ఆర్డర్ ఇచ్చేవాడు ఆఫీసులో కూర్చుని ఎలా పట్టుకుంటాడు? నా పని పీవోలో (కొనుగోలు ఆర్డర్‌లో) సరైన నంబర్ రాయడం, సర్టిఫికెట్ తెప్పించడం. రెండూ జరిగాయి. కొలిచే రేకులు మీ దగ్గరున్నాయి. బిగించే ముందు రెండు నిమిషాలు ఎందుకు కొలవలేదు?

ల్యాబ్‌కోటు:
పేపర్, పేపర్, పేపర్. 2017లో కోబె స్టీల్ తమ అల్యూమినియం, రాగి సరుకు డేటా మార్చామని తామే ఒప్పుకుంది. దళారీ కాదు, తయారు చేసినవాడే. టకోమాలో బ్రాడ్‌కెన్ ఫౌండ్రీ సంగతి చూడండి, అమెరికా జలాంతర్గాములకు వెళ్లే స్టీల్ కాస్టింగుల టెస్టు ఫలితాలు 1985 నుంచి 2017 దాకా దిద్దుతూ వచ్చారు. నాసా 2009లో ఒకటి, 2011లో ఒకటి, రెండు ఉపగ్రహాలు పోగొట్టుకుంది. రాకెట్ ముక్కు కవచం విడిపోలేదు. ఆ జాయింట్‌లో వాడిన అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ టెస్ట్ సర్టిఫికెట్లు దిద్దినవని 2019లో బయటపెట్టారు. నష్టం 70 కోట్ల డాలర్ల పైమాటే. అక్కడ కూడా "సర్టిఫికెట్ తెప్పించడం" సక్రమంగానే జరిగింది కొటేషన్ గారూ. లోహ సరుకు సర్టిఫికెట్ల ప్రమాణం ఈఎన్ 10204లో 3.1 రకం అడిగినా ఇచ్చేది మిల్లు మనిషే. 3.2 అయితేనే బయటివాడి సంతకం కూడా ఉంటుంది.

కొటేషన్_మూడు:
సార్, బేరింగ్‌కి 3.1 ఎవరిస్తారు? అది ప్లేటుకీ పైపుకీ. బేరింగ్‌తో వచ్చేది మామూలు కన్ఫార్మిటీ కాగితం. అడిగింది ఒకటి, మీరు చెబుతున్నది ఒకటి. జలాంతర్గాములు ఎందుకు ఇక్కడ?

పోనీ టెస్టింగే అనుకుందాం. లోహంలో ఏ మూలకాలున్నాయో చూపే మీ ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌కీ 304ఎల్‌కీ తేడా చెప్పండి చూద్దాం.

ల్యాబ్‌కోటు:
చెప్పలేం. చేతి గన్‌కి కార్బన్ కనపడదని ఈ ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. దానికి ఓఈఎస్ (స్పార్క్‌తో చూసేది) గానీ లిబ్స్ (లేజర్‌తో చూసేది) గానీ కావాలి. ఎల్ గ్రేడ్‌లో కార్బన్ 0.03 శాతం దాటకూడదు, దాటితే వెల్డింగ్ పక్కన క్రోమియం కార్బైడ్లు కట్టి తుప్పు లోహపు గింజల సందుల్లోకి పోతుంది. గన్ కార్బన్ చూడదు కాబట్టి గన్నే వద్దంటారా? 316లో మాలిబ్డినం ఉందో లేదో అది క్షణాల్లో చెబుతుంది.

కొటేషన్_మూడు:
అంటే టెస్టు కూడా అన్నీ పట్టుకోదు. అదే కదా నేను చెప్పేది.

పాతకాపు:
ఇద్దరూ కాస్త ఆగండి. 1980ల్లో అమెరికాలో గ్రేడ్ 8 బోల్టుల పేరుతో 8.2 బోల్టులు అమ్మారు. గ్రేడ్ 8 మీడియం కార్బన్ అలాయ్, 8.2 లో కార్బన్ బోరాన్ స్టీలు. మామూలు ఉష్ణోగ్రతలో లాగి చూస్తే రెండూ పాసే. వేడి చోట బిగిస్తే 8.2 ముందే వదులైపోతుంది. అలాంటి గొడవల తర్వాతే 1990లో ఫాసెనర్ (నట్టు, బోల్టు) క్వాలిటీ యాక్ట్ తెచ్చారు. ఏది ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తేనే ఏ టెస్టు పెట్టాలో తెలుస్తుంది. ఫీలర్ గారు అది తెలిసిన మనిషే. బేరింగ్ చచ్చాక కొలిచాడు, అంతే తేడా.

బక్కోడు:
బేరింగ్ కంపెనీల సంఘం డబ్ల్యూబీఏ వాళ్ల బేరింగ్ ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్ స్కాన్ చేస్తే అయిపోయేదానికి ఇంత రామాయణమా.

ల్యాబ్‌కోటు:
బాక్స్ అసలుదైతే కోడ్ కూడా అసలుదే చూపించొచ్చు బక్కోడూ. లోపల సీ3 చెక్కింది ఆ కోడ్‌కి ఎలా తెలుస్తుంది?

రెండో_షిఫ్ట్:
టేపరా స్ట్రెయిటా అని అడిగా, ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, నిలబెట్టి, లోపలి రింగ్ నాలుగు చుట్లు తిప్పి రోలర్లు సర్దుకున్నాక కొలిచారా? అలా కాకపోతే 70 అన్నదాన్ని నేను నమ్మను.

ఫీలర్‌గేజ్:
స్ట్రెయిట్ అని మొదటి పోస్టులోనే రాశా. నిలబెట్టి, తిప్పి, పైనున్న రోలర్ దగ్గర, రెండు వరుసల్లోనూ కొలిచా. ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నా.

కొటేషన్_మూడు:
ఇరవై ఏళ్లుగా చేస్తున్నవారు ఆ రోజు ఎందుకు చేయలేదు? రెండోసారి అడుగుతున్నా. ఇంకో ప్రశ్న కూడా. సప్లయర్ ఆ బ్రాండ్ ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటరేనా?

ల్యాబ్‌కోటు:
మళ్లీ మెయింటెనెన్స్ మీదికే! నా సంగతి చెబుతా వినండి. 316 అని వచ్చిన వాల్వ్ ట్రిమ్‌లో (వాల్వ్ లోపలి భాగాల్లో) మాలిబ్డినం దాదాపు సున్నా వస్తే, వాడొద్దని హోల్డ్ ట్యాగ్ కట్టా. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ట్యాగ్ లేదు, ట్రిమ్ లేదు. షట్‌డౌన్ గడువు అట. "షరతులతో అంగీకారం" అని కాగితం మీద రాసి ఎవరో సంతకం పెట్టేశారు. షరతు ఏమిటో ఆ కాగితంలో లేదు. ఆ ఏడాది నా అప్రైజల్‌లో "బృందంతో సహకరించే గుణం తక్కువ" అని రాశారు. పర్చేజ్ వాళ్ల గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కొటేషన్_మూడు:
ట్యాగ్ తీసింది పర్చేజా, ప్రొడక్షనా? అది చెప్పకుండా మా నెత్తిన రుద్దుతున్నారు. ప్రతి ఏడాదీ "ఖర్చు తగ్గించు" అని నాకు టార్గెట్ ఇచ్చేది మీ పై అధికారులే. తగ్గిస్తే చవకబారు కొనుగోలు, తగ్గించకపోతే అసమర్థుడు. ఏదైనా కాలిపోతే ముందు మా ఫైలే తెరుస్తారు. ఫీలర్ గారూ, మూడోసారి. ఎవరి దగ్గర కొన్నారు?

ఫీలర్‌గేజ్:
ట్రేడర్ దగ్గర.

డిస్ట్రిబ్యూటర్ 14 వారాలు అన్నాడు. అంతకు మూడు నెలల ముందు నుంచే ఆ ఫ్యాన్ వైబ్రేషన్ రిపోర్టులు ఇస్తున్నా. ఒక స్పేర్ స్టాక్‌లో పెట్టండి అని రెండుసార్లు రాశా. ఇన్వెంటరీ తగ్గించాలి, కుదరదు అన్నారు. ఫ్యాన్ ఆగేసరికి అదే మనుషులు గంటకోసారి ఫోన్. "ఎక్కడ దొరికితే అక్కడ తెప్పించు" అని ఇండెంట్ మీద అర్జెంట్ ముద్ర వేసింది నేనే. సరుకు వచ్చింది రాత్రి ఒంటిగంటకి. రేకులు జేబులోనే ఉన్నాయి. తక్కువ వస్తే ఏం చేయాలో తెలియలేదు. వేరేది లేదు. అందుకే కొలవలేదు. రిసీట్ మీద సంతకం కూడా నాదే.

రెండో_షిఫ్ట్:
సరే, కొలత మీద ఇక నా ప్రశ్న లేదు.

కొటేషన్_మూడు:
ఇది మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. స్టాక్ వద్దన్నది నాలాంటివాడు కాదు, ఫైనాన్స్ వాడు అని నా అనుమానం. కానీ ఒకటి ఒప్పుకుంటా. ట్రేడర్ అని తెలిసీ మీ పర్చేజ్ వాళ్లు ఫైల్ దాటించారంటే, "ఇది ఆథరైజ్డ్ కాదు, కొలిచాకే బిగించండి" అని పీవో మీద ఒక లైన్ రాయాల్సింది. నేనూ ఎప్పుడూ రాయలేదు అనుకోండి.

ల్యాబ్‌కోటు:
రాసినా రాత్రి ఒంటిగంటకి ఎవరు చదువుతారు? తక్కువ వస్తే ఫ్యాన్ ఆగే ఉంటుంది అని చెప్పగలిగే మనిషి ఆ టైములో ప్లాంట్‌లో ఒక్కడైనా ఉన్నాడా? నా ట్యాగ్ సంగతీ అదే. కొలవడం అందరికీ వచ్చు.

పాతకాపు:
అది తర్వాత తేలుద్దాం. మిగతా ఏడు ఎక్కడున్నాయి? తాళం వేసి విడిగా పెట్టారా? ఫోటోలు తీసి బ్రాండ్ వాళ్లకి పంపండి, వాళ్లు తేలుస్తారు. ట్రేడర్‌కి మాత్రం తిరిగి ఇవ్వొద్దు, ఇస్తే ఇంకో ప్లాంట్‌కి అమ్ముతాడు. ఎలక్ట్రానిక్ పార్ట్స్‌కి ఏఎస్5553 ప్రమాణం కూడా చెప్పేది అదే, అనుమానం ఉన్నదాన్ని మళ్లీ మార్కెట్‌లోకి పోనివ్వకూడదని.

ఫీలర్‌గేజ్:
పొద్దున తీసుకెళ్లిపోయాడు. క్రెడిట్ నోట్ ఇచ్చాడట, మా వాళ్లు సంతోషంగా ఉన్నారు.

ల్యాబ్‌కోటు:
ఏడూనా? మీరు విప్పి కొలిచింది కూడానా?

ఫీలర్‌గేజ్:
ఏడూ. విప్పినట్టు తెలిస్తే వెనక్కి తీసుకోడు, నూనె రాసి కాగితం చుట్టి ఎప్పటిలా బాక్స్‌లో పెట్టమన్నారు. పెట్టాను.