చూపు లేనివాళ్లు చైన్‌సా వాడొచ్చా? పాత కారుకు టైమింగ్ లైట్ లేకుండా టైమింగ్ ఎలా?

నట్టుబోల్టు:
నాకు రెండు కళ్లకూ చూపు లేదు, వెలుతురు కూడా తెలియదు. డ్రిల్లు, చేతి రంపం, పానాలు అలవాటే. ఇప్పుడు రెండు పనులున్నాయి. మొదటిది, ఎండిన మొద్దులు 20 నుంచి 25 సెంటీమీటర్ల లావువి ముక్కలు చేయాలి. చైన్‌సా కొనొచ్చా, కొంటే పెట్రోల్‌దా, బ్యాటరీదా? రెండోది, కార్బురేటరూ, పాయింట్లూ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్) ఉన్న నాలుగు సిలిండర్ల పాత కారు. ఇంజన్ తిరుగుతోంది, కంప్రెషన్ ఉంది, అంటుకోవడం లేదు. టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, తప్పిందని అనుమానం. గుర్తులను కళ్లతో చూడాల్సిన టైమింగ్ లైట్ నాకు పనికిరాదు. వేరే దారి ఉందా? "ప్రమాదం, వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఏది ఎందుకు వద్దో చెప్పండి.

రంపంపొట్టు:
చైన్‌సా సంగతి నేను చెప్తాను. కొనొచ్చు, కానీ చేత్తో పట్టుకుని కోయడానికి మాత్రం కాదు.

కారు పనిలో ఏ భాగాన్నయినా ఆపి, తడిమి, మళ్లీ మొదలుపెట్టొచ్చు. చైన్ తిరుగుతున్నంతసేపు దాని దగ్గరికి చెయ్యి పోకూడదు కదా. అంటే అసలు అవసరమైన సమయంలోనే మీ స్పర్శ పనికిరాదు. బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక) ముక్కు గుండ్రంగా తిరిగేచోట పై పావు భాగం దేనికైనా తగిలితే, పళ్లు చెక్కను కోయకుండా కరుచుకుంటాయి, బార్ ఒక్క ఉదుటున మీ ముఖం మీదికి లేస్తుంది. కిక్‌బ్యాక్ అంటే ఇదే. కళ్లున్నవాళ్లకైనా అది మొదలయ్యాక తప్పించుకునే వ్యవధి ఉండదు. వాళ్లు చేయగలిగేదల్లా కోస్తున్నంతసేపూ ముక్కు ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండటం. మొద్దు వెనక ఇంకో కొమ్మ ఉందా, కోత దిగేకొద్దీ ముక్కు దానికి తగలబోతోందా అన్నది చెవికి అందే సమాచారం కాదు. అందుకే నిలబడ్డ చెట్టు కొట్టడం, పడిన చెట్టుకు కొమ్మలు తీయడం, నిచ్చెన మీంచి కోయడం, ఈ మూడూ ఎంత అనుభవం వచ్చినా మీ జాబితాలో ఉండకూడదు.

మీ పనికి సరిపోయేది కీలు స్టాండ్. బార్ ముక్కును బిగింపులో పట్టేసి, రంపాన్ని పైకీ కిందికీ ఒకే తలంలో కదలనిస్తుంది. ముక్కు బిగింపు లోపలే ఉంటే దానికి చెక్క తగిలే వీలే లేదు, కిక్‌బ్యాక్‌కు మూలమే పోయినట్టు. కొనేటప్పుడు మీ బార్ పొడవుకు సరిపోతుందో లేదో చూసుకోండి, రంపంతో వచ్చిన పుస్తకం అలాంటి స్టాండ్‌కు ఒప్పుకుంటుందో లేదో కూడా.

వాడే క్రమం: చైన్ బ్రేక్ వేసి, బ్యాటరీ తీసి జేబులో పెట్టుకోండి. మొద్దును స్టాండ్ మీదికెక్కించి, కోత పడే చోటికి 30 సెంటీమీటర్ల దూరంలో బిగించిన అడ్డుకర్రకు ఆనేదాకా తోయండి, పట్టీ బిగించండి. తెగే ముక్క ఆధారానికి బయట గాలిలో ఉండాలి. రెండు పక్కలా ఆధారం ఉండి మధ్యలో కోస్తే మొద్దు కిందికి వంగి, పైభాగం మూసుకుపోయి, బార్ ఇరుక్కుంటుంది. మీ పాదాలు ఎక్కడుండాలో నేలకు ఒక బద్ద కొట్టుకోండి, షూ ముందు అంచు దానికి తగిలి ఉండాలి. పిల్లలు, కుక్క, పక్కింటివాళ్లు ఎవరూ రాకుండా తలుపో గేటో వేసి ఉండాలి. అప్పుడే బ్యాటరీ పెట్టండి. రెండు చేతులూ పిడుల మీద, బొటనవేళ్లు చుట్టూ తిప్పి. ముక్క పడిన చప్పుడు వినగానే ట్రిగ్గర్ వదిలి, బ్రేక్ ముందుకు తోసి, బ్యాటరీ తీసి, ఆ తర్వాతే పడిన ముక్క కోసం వెతకండి. ముక్కలు పదే ఉంటే ఇంత తతంగం దండగ, చేతి రంపం చాలు.

బ్యాటరీదే కొనండి, బ్యాటరీ తీసి జేబులో పెట్టుకుంటే అది ఇక తిరగదు. పెట్రోల్ రంపానికి ఒక్క మేలుంది: ఐడ్లింగ్ చప్పుడును బట్టి అది ఎక్కడుందో తెలుస్తుంది. బ్యాటరీ రంపం ఆగితే నిశ్శబ్దం, కానీ ఒక్క వేలు నొక్కితే చైన్ తిరుగుతుంది. అందుకే బ్యాటరీ జేబులో లేకుండా చెయ్యి బార్ వైపు పోకూడదన్న నియమం. కాళ్లకు కట్టుకునే రక్షణ ప్యాంటు లోపలి పోగులు బయటికి లాగబడి స్ప్రాకెట్‌కు (చైన్‌ను తిప్పే పళ్లచక్రం) చుట్టుకుని చైన్‌ను ఆపుతాయి. బ్యాటరీ రంపం మోటార్ వాటికి పెట్రోల్ ఇంజనంత తేలిగ్గా ఆగదు, కాబట్టి ప్యాంటు ఉందన్న ధీమా వద్దు.

పాతఇంజన్:
టైమింగ్ పూర్తిగా చేత్తో, చెవితో అయ్యే పనే. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ప్లగ్గులు నాలుగూ విప్పండి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పుతూ చేయండి. స్టార్టర్‌తో కాదు.

ముందు ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పండి. గాలి వేలిని బయటికి తోస్తే కంప్రెషన్ స్ట్రోక్. ఈ ఒక్కటీ మరిచిపోతే మిగతాదంతా సరిగ్గా చేసినా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే భాగం) సగం చుట్టు తేడాతో కూర్చుంటుంది, కారు కార్బురేటర్‌లోంచి పేలుతుంది తప్ప అంటుకోదు.

పిస్టన్ పైకొసకు చేరిందని కనిపెట్టడానికి ప్లగ్గు రంధ్రంలో బిగించే ఈల ఉంటుంది. గాలి బయటికి వస్తున్నంతసేపు మోగి, పిస్టన్ ఆగగానే ఆగుతుంది. బాగుంటుంది కానీ నిక్కచ్చి కాదు, ఎందుకంటే పైకొస దగ్గర కొన్ని డిగ్రీల మేర పిస్టన్ దాదాపు కదలదు. కచ్చితంగా కావాలంటే స్టాపర్ పద్ధతి. పాత ప్లగ్గు పింగాణీ తీసేసి, గుల్లలో మొన గుండ్రం చేసిన బోల్టు వేసి, లాక్ నట్టుతో బిగించి వాడాలి. ప్లగ్గు రంధ్రం పిస్టన్ వైపు తిన్నగా ఉన్న ఇంజన్లకే ఇది.

కంప్రెషన్‌లో పిస్టన్ పైకి వస్తుండగా, ఇంకా కాస్త కిందే ఉన్నప్పుడు స్టాపర్ బిగించి, మెల్లగా తిప్పి ఆనించండి. టైమింగ్ కవర్ మీది సూది ఎదురుగా పుల్లీ అంచున టేపు ముక్క అంటించండి. ఇప్పుడు స్టాపర్ విప్పి, క్రాంక్‌ను పావు చుట్టు ముందుకు తిప్పి, మళ్లీ అంతే లోతుకు బిగించి, వెనక్కి తిప్పి ఆనించండి. రెండో టేపు. స్టాపర్ తీయకుండా వెనక్కి చుట్టంతా తిప్పితే రెండోవైపు ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని ఉండి దానికి తగలొచ్చు, అందుకే విప్పి బిగించడం. రెండు టేపుల మధ్య దూరానికి కాగితం పట్టీ కత్తిరించి సగానికి మడవండి. మడత వచ్చిన చోటే అసలు టీడీసీ, అంటే పిస్టన్ పైకొస. అక్కడ మూడు పలకల ఆకురాయితో సన్న గీత. పుల్లీ మధ్యలో రబ్బరు పొర ఉంటే బయటి చక్రం జారి ఉండొచ్చు, కాబట్టి కంపెనీ గీత ఉన్నా ఈ కొలత చేసుకోవడం మేలు.

పుల్లీ వ్యాసాన్ని 3.14తో గుణించి 360తో భాగిస్తే డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 150 మి.మీ. పుల్లీకి డిగ్రీకి 1.3 మి.మీ., అంటే 10 డిగ్రీలు 13 మి.మీ. మీ కారు పుస్తకంలో ఎన్ని డిగ్రీలుంటే అంత దూరం, పుల్లీ తిరిగే దిశలో టీడీసీకి ముందు వైపు, ఇంకో గీత. మాట్లాడే కాలిపర్ ఉంటే సులువు, లేకపోతే మళ్లీ కాగితం పట్టీయే.

ఇక పాయింట్లు. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. గ్యాప్ పెంచితే టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి. చాలా పాత కార్లకు 0.4 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, మీ పుస్తకం చూసుకోండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సాధనం) రేకులు విడదీసి ఒక్కోదానికి బ్రెయిలీ చీటీ కట్టుకుంటే ప్రతిసారీ లెక్కపెట్టే పని ఉండదు. రేకును నూనె లేకుండా శుభ్రంగా తుడిచి పెట్టండి, కాస్త పట్టుతో జారాలి.

డిస్ట్రిబ్యూటర్ నుంచి కాయిల్‌కు వెళ్లే సన్న తీగ కాయిల్ దగ్గర విప్పి, మల్టీమీటర్ బజర్ ఒక కొస దానికి, రెండోది ఇంజన్ బాడీకి. పాయింట్లు మూసుకుంటే బజర్ మోగుతుంది, తెరుచుకుంటే ఆగుతుంది. రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్క) ఒకటో నంబరు ప్లగ్గు తీగ వైపు ఉండాలి. క్రాంక్‌ను మీ గీత దగ్గరికి ఎప్పుడూ తిరిగే దిశలోనే తీసుకురండి. దాటిపోతే వెనక్కి బాగా తిప్పి మళ్లీ రండి, లేకపోతే టైమింగ్ చైన్ వదులు లెక్కలో కలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, బాడీని రోటర్ తిరిగే వైపు తిప్పితే బజర్ మోగుతుంది. ఎదురుగా మెల్లగా తిప్పండి, ఆగిన క్షణంలోనే బిగించండి. క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మళ్లీ గీతకు తెచ్చి, బజర్ అక్కడే ఆగుతోందా చూడండి. తీగలు తిరిగి పెట్టేటప్పుడు చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లకు వరుస 1-3-4-2. అది కూడా పుస్తకంతో సరిచూసుకోండి.

నట్టుబోల్టు:
స్టాపర్ విప్పి బిగించడం అన్నది నాకు తట్టని సంగతి. రంపంపొట్టు గారూ, చైన్ పదును నేనే పెట్టుకోగలనా? ఇంకోటి, చెవులకు మఫ్‌లు పెట్టుకుంటే నాకు చుట్టూ ఏమీ తెలియదు కదా?

రంపంపొట్టు:
పదును మీరే పెట్టుకోవచ్చు, ఆ పనికి కళ్లకన్నా గోరే మెరుగు. బ్యాటరీ తీసి, బార్‌ను వైస్‌లో బిగించి, మొదలుపెట్టే పన్నుకు రబ్బరు బ్యాండు చుట్టండి (పనయ్యాక తీయడం మరవొద్దు). చిన్న రంపాల లో-ప్రొఫైల్ 3/8 అంగుళం చైన్‌కు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, .325 అంగుళం చైన్‌కు 4.8 మి.మీ. రోలర్ గైడ్ ఉంటే కోణం అదే కుదురుతుంది. తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒకవైపు పళ్లన్నిటికీ సమానంగా మూడేసి తోపులు, తర్వాత రెండోవైపు. ఎక్కువ తక్కువైతే కోత ఒక పక్కకు ఒరుగుతుంది. అంచు మీద గోరు అడ్డంగా మెల్లగా రాయండి. గోరును గీరితే పదును, జారితే మొండి. చూర్ణం కూడా చెప్తుంది: రంపం ఆపాక వేళ్ల మధ్య నలిపితే రవ్వలాంటి గరుకు ముక్కలు రావాలి, పిండి వస్తే పదును పోయినట్టు. చైన్ బిగువు బార్ మధ్యలో కింది వైపు లాగి చూడండి, పళ్ల కింది రెక్కలు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు, వదలగానే టక్కున సర్దుకోవాలి. చైన్ కొత్తగా ఎక్కించినప్పుడు బార్ పైన పళ్ల పదును ముక్కు వైపుకు ఉండాలి.

చెవులకు ఎలక్ట్రానిక్ మఫ్‌లు తీసుకోండి. మాటలూ అడుగుల చప్పుడూ లోపలికి పంపి, పెద్ద శబ్దాన్ని మాత్రం తొక్కేస్తాయి. మామూలు మఫ్‌లు వద్దు, ఏవీ లేకుండా అసలే వద్దు. చూపు లేనివాడికి వినికిడి పోతే మిగిలేదేముంది?

తుప్పువేట:
బాడీ పని గురించి ఎవరూ ఎత్తలేదు. సన్నటి నూలు గ్లవ్ వేసుకుని, అరచెయ్యంతా ఆనించి, వేళ్లు చూపే దిశలోనే పొడవుగా జరపండి. వట్టి వేళ్ల కొసలకు దుమ్ము, గరుకు తెలుస్తాయి గానీ ఎత్తుపల్లాలు దొరకవు. తుప్పు కోసం స్క్రూడ్రైవర్ పిడితో తట్టుతూ పోండి. మంచి రేకు కంగుమంటుంది, పుట్టీ ఉన్నచోటా తిన్నచోటా బొద్దుగా వినిపిస్తుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి పలచని మ్యాగ్నెట్: పుట్టీ మందంగా ఉంటే అంటుకోదు.

వెల్డింగ్ దగ్గర ఒక మాట. చూపు లేదు కాబట్టి మాస్కు అక్కర్లేదని అనుకునేవాళ్లున్నారు. ఆర్క్‌లోని అతినీలలోహిత కాంతి కనుగుడ్డునూ చర్మాన్నీ కాల్చేస్తుంది, చూపుతో దానికి సంబంధం లేదు. మాస్కు, తోలు గ్లవ్‌లు, మెడ దాకా చొక్కా ఉండాల్సిందే. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డ్ చేయకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. రెండు డబ్బాలు కలిపే పెయింట్ గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్‌లుంటాయి, బయటి నుంచి గాలి పంపే మాస్కు లేకుండా స్ప్రే చేయొద్దు. ఆ ఒక్క పని బయట చేయించుకోవడం నయం.

కారు కిందికి దూరేముందు స్టాండ్ల పళ్లు గాడిలో పడ్డాయో లేదో వేలితో తడమండి, జాకీ కొంచెం దించి బరువు స్టాండ్ల మీద పడ్డాక కారును పక్క నుంచి బలంగా తోసి చూడండి. విప్పిన చక్రాన్ని బాడీ కిందికి తోసి ఉంచండి. ఇంజన్ అంటుకున్నాక ఐడ్లింగ్ సర్దేటప్పుడు పొట్టి చేతుల చొక్కా, పొడవాటి స్క్రూడ్రైవర్ ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తగిలించి ఉంటే మాత్రం, కొన్ని ఇంజన్ ఆపాక కూడా తిరుగుతాయి, ఇంజన్ ఆపి దాని దగ్గర పనిచేసేటప్పుడు ఫ్యాన్ కరెంటు ప్లగ్ పీకేయండి. మిక్స్చర్ స్క్రూ (కార్బురేటర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సర్దే మర) మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తీసి, అక్కణ్నుంచి వేగం అన్నిటికన్నా ఎక్కువ వినిపించే చోటికి జరపండి. ఆనించేటప్పుడు బలం పెడితే సూది మొన నలిగిపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఐడ్లింగ్ కుదరదు.