టిఫా స్కాన్‌లో శిశువు పొట్ట గోడ లోపం: అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు

నల్గొండ నుంచి ఒక తండ్రి
నా భార్యకు 20వ వారంలో చేసిన, శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌లో శిశువు పేగులు పొట్ట బయట ఉన్నాయని తేలింది. రిపోర్టులో అది ఆంఫలోసీలా, గ్యాస్ట్రోస్కైసిసా అన్నది రాయలేదు. స్కాన్ చేసినచోట గర్భం తీయించుకోవడమే మేలని ఒక్క మాటలో చెప్పి పంపించారు. రెండు రాత్రులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నవజాత శిశు విభాగం నర్సు
అన్నయ్యగారూ, ముందు ఆ రెండింటిలో ఏదో తేల్చుకోండి. బొడ్డు పక్కన, ఎక్కువగా కుడివైపున, రంధ్రం ఉండి, పేగులు ఏ పొరా లేకుండా ఉమ్మనీటిలో తేలుతుంటే అది గ్యాస్ట్రోస్కైసిస్. దానితో క్రోమోజోముల లోపాలు అరుదు. బొడ్డుతాడు మొదట్లోనే పల్చని సంచిలో పేగులు, ఒక్కొక్కసారి కాలేయం కూడా ఉంటే అది ఆంఫలోసీల్. దీనికి గుండె లోపాలు, ట్రైసోమీ 13, 18 (ఆ సంఖ్య గల క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం) వంటివి తరచుగా తోడవుతాయి కనుక శిశువు గుండెకు ఎకో, తల్లికి ఉమ్మనీటి పరీక్ష చేయిస్తారు. ఇవేవీ చూడకుండా గర్భం తీయించుకోమనడం సరికాదని నా అభిప్రాయం.

గుంటూరు జిల్లా తల్లి
మా పాపకు గ్యాస్ట్రోస్కైసిస్; ఇప్పుడు ఆరేళ్లు, బడికి వెళుతోంది. పిల్లల సర్జన్ లేని ఊళ్లో కాన్పు అయింది. పేగులకు తడి గుడ్డ చుట్టి పంపగా, పెద్దాసుపత్రికి చేరేసరికి పాప ఒళ్లు చల్లబడిపోయింది. పేగులన్నీ ఒకేసారి పొట్టలో పట్టకపోవడంతో, సైలో అనే సంచిలో పైకి వేలాడదీసి, రోజూ కొంత లోపలికి దించుతూ ఆరో రోజున మూశారు. ఆపైన పేగు పనిచేయడానికి 24 రోజులు పట్టింది. అన్నాళ్లూ పోషణ రక్తనాళం ద్వారానే. ముక్కు గొట్టంలో పచ్చని పసరు తగ్గిందా అని పొద్దున్నే చూడటమే నా పని. మొదటిసారి 2 మిల్లీలీటర్ల పాలు పట్టిన రోజును నేను మరువలేను.

నవజాత శిశు విభాగం నర్సు
అమ్మా, తడి గుడ్డ వేడిని లాగేస్తుంది. బిడ్డను చంకల వరకు శుభ్రమైన పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, పేగులకు రక్తం తెచ్చే నాళాలు మెలిపడకుండా కుడివైపు పడుకోబెట్టి, గొట్టంతో కడుపు ఖాళీ చేసి, సెలైన్ పెట్టి పంపాలి. అన్నిటికన్నా మేలు, పిల్లల సర్జన్ ఉన్నచోటే కాన్పు జరగడం. గ్యాస్ట్రోస్కైసిస్ ఒక్కటే కారణంగా సిజేరియన్ అవసరం లేదు.

ఖమ్మం తండ్రి
మా బాబుది కాలేయం కూడా బయటికి వచ్చిన పెద్ద ఆంఫలోసీల్. వెంటనే ఆపరేషన్ చేస్తే ఊపిరికి ఇబ్బంది అని, సంచిపై మందు పూస్తూ చర్మం కప్పుకొనే వరకు నెలల తరబడి ఆగారు. అయోడిన్ మందు వాడినందున థైరాయిడ్ పరీక్షలు చేశారు. పొట్ట గోడలో మిగిలిన ఖాళీని (హెర్నియాను) రెండేళ్లు దాటాక సరిచేశారు. ఆ డ్రెస్సింగు నా భార్య ఇంట్లోనే నేర్చుకుని చేసింది.

నల్గొండ నుంచి ఒక తండ్రి
నిన్న హైదరాబాదులో మళ్లీ స్కాన్ చేయించాము. సంచి స్పష్టంగా ఉంది, లోపల పేగులు మాత్రమే ఉన్నాయి, ఎకోలో గుండె బాగుంది. ఉమ్మనీటి పరీక్ష ఫలితం రావలసి ఉంది. అది చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఇద్దరం అనుకున్నాము.