‘రేకు వంకర’ అంటే సరిపోదు: చదును, తిన్నదనం గురించి

పొదిలి నుంచి:
అందరికీ నమస్కారం. ఐటీఐ పిల్లలకు రోలింగ్ మిల్లు (ఉక్కును రెండు రోలర్ల మధ్య నలిపి పల్చటి రేకుగా సాగదీసే మిల్లు) మీద తెలుగులో నోట్స్ రాస్తున్నాను. ఇంగ్లీషులో ఫ్లాట్‌నెస్, స్ట్రెయిట్‌నెస్ అని రెండు మాటలున్నాయి. రెండింటికీ ‘వంకర లేకపోవడం’ అంటే చాలదా అని ఒకరు, సమతలత, ఋజుత్వం అని రాయమని ఇంకొకరు. ఋజుత్వం అంటే పిల్లలు అక్కడే పుస్తకం మూసేస్తారు. ఏం రాయమంటారు?

నెల్లూరు నుంచి:
చదును అని రాయండి, చాలు. పొలం చదును తెలియనివాళ్లు మన జిల్లాల్లో ఎవరున్నారు?

కావలి నుంచి:
తమ్ముడూ, చదును మంచి మాట, అదే పెట్టు. కాకపోతే పొలాన్ని గుర్తుచేసి వదిలేస్తే పిల్లల బుర్రలోకి తప్పు అర్థం ఎక్కుతుంది. నేను చాలా ఏళ్లు వేరే రాష్ట్రంలో కోల్డ్ రోలింగ్ మిల్లులో, అంటే ఉక్కును ఎర్రగా కాల్చకుండానే నలిపే మిల్లులో, పనిచేశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

పొలంలో మిట్ట కోసి పల్లంలో పోస్తాం, ఎత్తు తేడా పోతే పొలం చదును అయినట్టే. రేకులో మిట్టా పల్లం ఉండవు. రేకు అలలు తేలిందంటే దాని అంచు నడిమి కంటే పొడుగు సాగిందని అర్థం, ఆ పొడుగు పట్టడానికి చోటులేక అంచు పైకీ కిందికీ లేస్తుంది. అంటే చదును పోవడం ఎత్తుకు సంబంధించింది కాదు, పొడుగుకు సంబంధించింది. ఈ ఒక్క ముక్క పిల్లలకు ఎక్కితే మిగతాదంతా వాళ్లే అల్లుకుపోతారు.

ఎంత పొడుగంటే, మీటరు పొడవున 1 సెంటీమీటరు ఎత్తు లేచిన అల ఒకటి ఉందనుకో. బల్ల మీద పెడితే దూరం నుంచే కనపడే అల అది, చేత్తో నొక్కితే టపటపమంటుంది. దానికి అంచు ఎక్కువ సాగింది మీటరుకు పావు మిల్లీమీటరే. అనుమానముంటే ఆ రేకును నిలువునా సన్నటి పట్టీలుగా కోసి కొలిస్తే నడిమి పట్టీ 1000 మిల్లీమీటర్లు, అంచు పట్టీ 1000.25 వస్తాయి. మిల్లులో దీన్ని ఐ-యూనిట్లలో చెప్తారు, లక్షలో ఒక వంతు పొడుగు తేడా ఒక యూనిట్, అంటే మీటరుకు 10 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మన అల 25 యూనిట్లన్నమాట. ఇంకోమాట, అర మిల్లీమీటరు రేకులో ఈ పొడుగు తేడాకు సరిపడే మందం తేడా మైక్రాన్‌లో ఎనిమిదో వంతు, మందం కొలిచే మామూలు మైక్రోమీటరు పనిముట్టుకు అది అందదు. మందం అంతటా సమంగానే చూపిస్తోంది, రేకు మాత్రం ఎగిరిపడుతోంది అని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే.

ఎందుకు సాగుతుందంటే, రేకును నలిపే రోలర్‌ను మిల్లులో రోలు అంటాం, రేకు రెండు రోళ్ల మధ్య సందులోంచి పోతుంది. ఆ రోలును రెండు చివర్లా బేరింగుల దగ్గర నొక్కి పెడతాం, మధ్యలో ఉక్కు ఎదురు తంతుంది, అంత లావు రోలూ మధ్యలో కొద్దిగా వంగుతుంది. నడిమి సందు పెరిగి అంచులు ఎక్కువ నలుగుతాయి, అంచు అల వస్తుంది. రోలు నడుమ వేడెక్కి ఉబ్బితే దీనికి తిరగబడి నడుమ సాగుతుంది, రేకు మధ్యలో బుడిపెలు లేస్తాయి. 500 మిల్లీమీటర్ల రోలు 10 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు 60 మైక్రాన్లు పెరుగుతుంది, ఇందాక చెప్పిన మైక్రాన్‌లో ఎనిమిదో వంతు పక్కన పెట్టి చూడు. అందుకే అంచు అలకు రోల్ బెండింగ్ జాకీలతో రోలును ఎదురు వంచుతారు, నడిమి ఉబ్బుకు ఆ భాగం మీదే కూలెంట్ (రోలును చల్లబరిచే ద్రవం) ఎక్కువ కొడతారు.

ఇక స్ట్రెయిట్‌నెస్. ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగుదల క్రమంగా పెరుగుతూ పోతే రేకు నేల మీద చదునుగానే పడుకుంటుంది గానీ, పైనుంచి చూస్తే కత్తిలాగా పక్కకు తిరిగి ఉంటుంది. దాన్నే క్యాంబర్ అంటారు. లోపలి అంచు వెంబడి దారం బిగించి లాగి, మధ్యలో ఎడం కొలిస్తే తెలిసిపోతుంది. దీనికి మందు బెండింగ్ కాదు, రోలు రెండు వైపుల సందునూ సరిచేయడం.

ఈ రెండింటినీ ‘వంకర’ అంటే నష్టమేంటో కళ్లారా చూశాను. ఒక షిఫ్టులో మన తెలుగు కుర్రాడు లాగ్ పుస్తకంలో ‘రేకు వంకర’ అని మాత్రం రాసి పోయాడు. ఉన్నది రెండు వైపులా అంచు అల. తర్వాత షిఫ్టు ఆపరేటరు దాన్ని క్యాంబర్ అనుకుని, రోలును నొక్కే స్క్రూ ఒక వైపు దించాడు. ఆ అంచు అల రెట్టింపయింది, కాయిల్ (చుట్టగా చుట్టిన రేకు) పక్కకు జరిగింది. కుర్రాడి తప్పేం లేదు, వాడికి రెండు మాటలు ఎవరూ నేర్పలేదు.

అందుకని ఫ్లాట్‌నెస్‌కు చదును, స్ట్రెయిట్‌నెస్‌కు తిన్నదనం, లోపాలకు అంచు అల, నడిమి ఉబ్బు, పక్కవంపు అని రాయి. బ్రాకెట్లో సంస్కృతం వద్దు. రోలు, కాయిల్, టెన్షన్, బెండింగ్ అలాగే ఉంచు, పని చేసేచోట వాటికి వేరే మాట ఎవరూ వాడరు.

ఒంగోలు నుంచి:
బాగా చెప్పారు. తిన్నదనం బదులు సూటిదనం అంటే ఇంకా తేలిక కదా? తిన్న అనగానే పిల్లలకు అన్నం గుర్తొస్తుంది.

కావలి నుంచి:
మాస్టారూ, సూటి అంటే ఒక గురి వైపు పోవడం, సూటిగా చూశాడు, సూటిగా అడిగాడు అంటాం. ‘తిన్నంగా పో’ అంటే పక్కకు తిరగకుండా పొమ్మని, క్యాంబర్ లేని రేకు చేసేది అదే. మన వైపు ఊచ తిన్నగా ఉందా లేదా అనే అడుగుతారు, సూటిగా ఉందా అనరు. వాక్యంలో పెడితే అన్నంతో తికమక ఉండదండీ.

పొదిలి నుంచి:
అన్నా, ఒక సందేహం. మిల్లులో నడిచేటప్పుడు రేకు అద్దంలా ఉంది, కోసి బల్ల మీద వేస్తే అలలు వస్తున్నాయి అన్నారొకరు. అదెలా?

కావలి నుంచి:
టెన్షన్ వల్ల. లాగి పట్టినప్పుడు పొట్టి భాగం కూడా కొద్దిగా సాగి, అల అణిగి ఉంటుంది. వదిలితే లేస్తుంది. అందుకే కంటితో చూడకుండా, రేకు ఒక కొలిచే రోలు మీదుగా పోయేటట్టు పెట్టి, వెడల్పులో ఎక్కడ ఎంత లాగుడు ఉందో చూస్తారు. లాగుడు తక్కువ ఉన్నచోట పొడుగు ఎక్కువ. నేనైతే దీన్ని ‘దాగిన అల’ అంటాను. కందుకూరు, సింగరాయకొండ వైపు రేకు పని చేసేవాళ్ల దగ్గర ఇంతకంటే మంచి మాట ఉంటే అడిగి ఇక్కడ పెట్టండి, నోట్స్ అచ్చుకు పోయేలోపు మార్చుకుందాం.