హెర్మయనీ పళ్లు ఎక్కడికి పోయాయి?

ఎత్తుపళ్ల అమ్మ:

మా పాపకి తొమ్మిదేళ్లు. ముందు రెండు పళ్లూ ఎత్తు. స్కూల్లో ఎవరో "కుందేలు" అన్నారని నిరుడంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. ఈ వేసవిలో రోజూ రాత్రి దానికి హ్యారీ పోటర్ మొదటి పుస్తకం చదివి వినిపించాను. ఇంగ్లిష్‌లో చదవడం, అర్థం కానిచోట తెలుగులో చెప్పడం. రైల్లో హ్యారీతో చదవబోయే పిల్ల హెర్మయనీ మొదటిసారి వస్తుంది చూడండి, పెత్తనం చేసే గొంతు, గుబురు జుట్టు, ముందు పళ్లు కాస్త పెద్దవి అని. అక్కడ నన్ను ఆపి, "మళ్లీ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. మర్నాడు బ్రష్ చేసుకుంటూ అద్దంలో చూసుకుని "హెర్మయనీకి కూడా" అంది. నాతో కాదు, తనలో తనే.

పుస్తకం అయిపోయిందని సరదాగా సినిమా పెట్టాను. చేసిన తప్పు అదే. రైలు సీను రాగానే లేచి టీవీకి ఆనుకుని నిలబడింది. "అమ్మా, ఈ అక్క పళ్లు మామూలుగానే ఉన్నాయేంటి?" అంది. కాసేపటికి నిద్రొస్తోందని వెళ్లి పడుకుంది. సాయంత్రం ఆరున్నరకి!

జుట్టయితే గుబురుగానే పెట్టారు. పళ్లకేం వచ్చింది? పిల్లల్ని ఎంచుకునేటప్పుడు ఎవరూ పుస్తకం తెరవరా? దానికేం చెప్పమంటారు?

రాత్రి చదువరి:

తెరవకేం, తెరిచారండీ. దర్శకుడు క్రిస్ కొలంబస్ మొదట్లో హెర్మయనీగా వేసిన ఎమ్మా వాట్సన్‌కి పెట్టుడు పళ్లు పెట్టించాడు. వాటితో మాట సరిగా రాక తీసేశారు. హ్యారీ కళ్లదీ అదే గొడవ. పుస్తకంలో ఆకుపచ్చవి, అచ్చం వాళ్లమ్మ కళ్లు. హ్యారీగా వేసిన డేనియల్ రాడ్‌క్లిఫ్‌వి నీలం. ఆకుపచ్చ లెన్సులు పెట్టి చూస్తే ఆ పిల్లాడికి పడలేదు. అప్పటికి పదకొండేళ్లవాడు, రోజంతా షూటింగ్. వదిలేయడమే న్యాయం. రంగు ఏదైనా తల్లి కళ్లతో కలిస్తే చాలని రచయిత్రి కూడా సరే అన్నారట. తీరా 2011లో వచ్చిన చివరి సినిమాలో హ్యారీ తల్లి లిలీగా, ఆవిడ చిన్నప్పటి వేషం వేసిన పాపవి గోధుమరంగు కళ్లు. పదేళ్లపాటు "అచ్చం మీ అమ్మ కళ్లే" అని ఊదరగొట్టి, చివరికి ఇదా అనిపించింది నాకు.

నటించే పిల్లల పోలిక కలవకపోతే నాకు పట్టింపు లేదు. ఆ పోలిక మీదే కథ నడిచినప్పుడే ఒళ్లు మండుతుంది. హెర్మయనీ పళ్లు అలాంటివి. నాలుగో పుస్తకంలో హ్యారీతో పడని మాల్ఫోయ్ వేసిన మంత్రం గురి తప్పి ఈ పిల్లకి తగులుతుంది, పళ్లు గడ్డం దాటి కిందికి పెరుగుతాయి. స్నేప్ మాస్టారు చూసి, తనకేమీ తేడా కనిపించట్లేదంటాడు. మాస్టారు అనాల్సిన మాటేనా అది? పిల్ల ఏడ్చుకుంటూ పరిగెత్తుతుంది. ఆస్పత్రి గదిలో మేడమ్ పాంఫ్రీ చేతికి అద్దమిచ్చి, పాత సైజుకి రాగానే ఆపమని చెప్పమంటుంది. ఈవిడగారు చెప్పదు. ఇంకాస్త తగ్గేదాకా నోరు మెదపదు.

2005లో వచ్చిన నాలుగో సినిమాలో ఇదంతా లేదు. ఎలా ఉంటుంది, తగ్గించడానికి అక్కడ ఏం మిగిలిందని? పుస్తకంలో క్రిస్మస్ డాన్స్‌కి ఆ అమ్మాయి వస్తుంటే అందరూ నోరెళ్లబెట్టడానికి వెనక ఇంత ఉంది. సినిమాలో అప్పటికే మూడు భాగాలుగా అందంగా ఉన్న అమ్మాయి మంచి గౌను వేసుకుని మెట్లు దిగుతుంది. అంతే. ఆ గౌను కూడా పుస్తకంలో నీలం, సినిమాలో గులాబీ.

మీ పాపతో నాలుగో పుస్తకం చదివేటప్పుడు మాత్రం ముందు మీరొక్కరే ఆ అధ్యాయం చదువుకోండి.

ముక్కుసూటి:

మాట రాలేదన్నది సాకులెండి. వాళ్ల క్లాసు పిల్లాడు నెవిల్‌గా వేసిన మాథ్యూ లూయిస్‌ని చూడండి. పెట్టుడు పళ్లు పెట్టారు, చెవులు దొప్పల్లా కనిపించాలని వెనక ప్లాస్టిక్ ముక్కలు పెట్టారు, ఒళ్లు లావుగా కనిపించడానికి లోపల మెత్తలు కట్టారు. అబ్బాయికైతే అన్నీ కుదిరాయి, హీరోయిన్‌కే కుదరలేదు!

రాత్రి చదువరి:

నెవిల్‌కి ఎన్ని డైలాగులున్నాయండీ? హెర్మయనీ సినిమా అంతా గుక్క తిప్పుకోకుండా పాఠాలు చెప్పాలి. అయినా మీ మాట పూర్తిగా కొట్టిపారేయలేను.

దూరదర్శన్ తాతయ్య:

అమ్మాయ్, మా ఇంట్లో కథ అడ్డం తిరిగింది. 1986లో మాల్గుడి డేస్ సీరియల్ వచ్చినప్పుడు మా అబ్బాయికి కూడా తొమ్మిదేళ్లే. స్వామిగా మాస్టర్ మంజునాథ్‌ని చూశాకే నేను 1935 నాటి ఆర్.కె. నారాయణ్ నవల "స్వామి అండ్ ఫ్రెండ్స్" సంపాదించి చదివాను. సోమవారం పొద్దున బడికి వెళ్లాలంటే స్వామికి ప్రాణం మీదికి రావడంతో మొదలవుతుంది. చదువుతున్నంతసేపూ నాకు కనిపించింది మంజునాథే. నవల ఇంగ్లిష్‌లో రాసింది, కథలో స్వామి ఇంటివాళ్లు తమిళులు, తీసింది కర్ణాటకలో ఆగుంబేలో, మాట్లాడింది హిందీ. ఒక్కటీ కలవలేదు కదా, పిల్లాడు మాత్రం స్వామే. స్నేహితుడు రాజం రైలెక్కి వెళ్లిపోతుంటే స్వామి పుస్తకం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తే చోట ఇప్పటికీ నాకు ఆ పిల్లాడి మొహమే.

మీ పాప ముందు పుస్తకం వింది, అదృష్టవంతురాలు. దాని హెర్మయనీ దానికి ఉంది. మళ్లీ పుస్తకం తియ్యి, అదే తిరిగొస్తుంది.

ఎత్తుపళ్ల అమ్మ:

అందరికీ థాంక్సండీ. బాబాయిగారూ, మీరన్నట్టే నిన్న రెండో పుస్తకం మొదలుపెట్టాం. పెట్టుడు పళ్ల సంగతి చెప్పాను. "అయితే ఆ అక్కకి పళ్లు పెట్టుకుని మాట్లాడటం రాలేదా? నేను రోజూ మాట్లాడుతున్నాగా!" అని చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నాలుగో పుస్తకం సంగతి ఇంకా చెప్పలేదు, ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు కొత్త అనుమానం. హెర్మయనీ అమ్మానాన్నలిద్దరూ పళ్ల డాక్టర్లే కదా, మరి సొంత కూతురి పళ్లు ఎందుకు బాగుచేయలేదు అంటోంది. ఏం చెప్పను?

రాత్రి చదువరి:

వాళ్లు క్లిప్పులతోనే నెమ్మదిగా సరిచేద్దామన్నారు. మంత్రాలతో పళ్ల జోలికి వెళ్లడం వాళ్లకి ఇష్టం లేదు. అది కూడా నాలుగో పుస్తకంలోనే ఉందండీ, ఎలాగూ తప్పేట్టు లేదు మీకు.