కొత్త రంగంలో తొలి ప్రాజెక్టు: దొరికిన రుజువును పొడిగించాలా, చిన్న లెక్కలతో మొదలుపెట్టాలా?

శేషం_సున్నా:
అనాలిసిస్ నుంచి సంకలన కాంబినేటరిక్స్‌కు (సమితుల్లో కూడికల అమరికలను లెక్కించే శాఖ) వచ్చేవాళ్లకు నా సలహా కాప్ సెట్ సమస్య. మూడు మూలకాల క్షేత్రంపై (0, 1, 2 అంకెలే ఉండి, లెక్కలన్నీ 3తో భాగిస్తే వచ్చే శేషంతో చేసేది) ఎన్ డైమెన్షన్ల అంతరాళంలో, ఏ మూడు బిందువులూ ఒకే రేఖ మీద లేని సమితి ఎంత పెద్దది కావచ్చు? స్థిర గుణకం పక్కన పెడితే 2.756కు ఎన్‌వ ఘాతాన్ని మించదని 2016లో ఎలెన్‌బర్గ్, గైస్వైట్ చూపారు. రుజువు చాలా చిన్నది. ఇక్కడ ఒకే రేఖ మీది మూడు బిందువులంటే మూడు పదాల అంకశ్రేఢే (సమాన తేడాలతో సాగే వరుస). ఆ రుజువును నాలుగు పదాల అంకశ్రేఢికి పొడిగించడమే తొలి ప్రాజెక్టు.

చిత్తుకాగితం:
బోల్తా పడేది అక్కడేనండీ. మూడు పదాలకు సమీకరణం ఒక్కటే: ఎ+బి+సి=0. దాని సూచక బహుపది (సమీకరణం నిజమైతే 1, కాకపోతే 0 ఇచ్చేది) డిగ్రీ 2ఎన్. కాబట్టి దాని ప్రతి ఏకపదిలో (ఒక్కో పదంలో) ఎ, బి, సి మూడింట్లో ఏదో ఒకదాని డిగ్రీ 2ఎన్/3 దాటదు. ఒక్క బిందువు నిరూపకాలతో రాయగల ఏకపదుల సగటు డిగ్రీ ఎన్, అంత దిగువన ఉండే ఏకపదులు కొద్దే; వాటి సంఖ్యకు మూడు రెట్లే సమితి పరిమాణానికి హద్దు. నాలుగు పదాలకు సమీకరణాలు రెండు. ఐదు మూలకాల క్షేత్రంలో డిగ్రీ 8ఎన్, నలుగురికీ పంచితే తలా 2ఎన్. అక్కడ సగటూ 2ఎన్నే! ఏకపదుల్లో సగానికి పైగా మిగులుతాయి, నాలుగుతో గుణిస్తే మొత్తం అంతరాళాన్నే దాటేస్తాయి. ఆరు నెలలు కాదు, ఒక సాయంత్రంలో తేలే సంగతి ఇది.

గట్టుమీద:
అందుకే ముందు చిన్న లెక్కలు. ఒకటి నుంచి ఆరు డైమెన్షన్ల దాకా అతిపెద్ద కాప్ సెట్ల అసలు పరిమాణాలు 2, 4, 9, 20, 45, 112. ఇదే పద్ధతితో మూడు డైమెన్షన్లలో హద్దు 3×10=30, అంతరాళంలో ఉన్నవే 27 బిందువులు! ఆరులో 504 వస్తుంది. నాలుగు దాకా (81 బిందువులు) ప్రోగ్రాం రాసి చూడండి. ఐదులో సౌష్ఠవాలు వాడుకోకపోతే వెతుకులాట పేలిపోతుంది. ఆరు జోలికి పోవద్దు.

శేషం_సున్నా:
నాలుగు పదాల విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఎన్ని పట్టికలు వేసినా ప్రశ్న పుట్టదు కదా?

చిత్తుకాగితం:
పుడుతుంది, ఎక్కడ విరుగుతుందో చూస్తే. మూడు మూలకాల క్షేత్రంలో ఎ+బి+సి=0కు రెండు సమానమైతే మూడోదీ సమానమే, అందుకే కాప్ సెట్ బిందువులకు సూచక విలువలు రాసిన మూడు దిక్కుల పట్టికలో (టెన్సర్) సున్నా కానివి వికర్ణం మీదే, అంటే ఎ=బి=సి అయిన చోటే, ఉంటాయి; రుజువు దీని మీదే నిలుస్తుంది. ఎ−బి+సి−డి=0కు ఎ=బి, సి=డి అనే పనికిమాలిన సాధనలు ఏ సమితిలోనైనా ఉంటాయి, వికర్ణం చెడుతుంది. నాలుగూ వేరువేరుగా ఉండే సాధన తప్పక దొరకాలంటే సమితి ఎంత పెద్దదై ఉండాలి? దీని మీద ఇప్పటికే పని జరిగింది, ముందు అది చదవండి. తర్వాత గుణకాలు మార్చి ఒకే సమీకరణం పట్టుకోండి.