పుంత తొక్కడం, డొంక తిరగడం

మిత్రులకు నమస్కారం. “కొత్త పుంతలు తొక్కడం” అన్న పలుకుబడిలో పుంత అంటే ఏమిటని, డొంకా అదీ ఒకటేనా అని మొన్న ఒకరు అడిగిన ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను. గత కార్తీకంలో తణుకు నుంచి దేవరకొండ దాకా నాలుగు రోజులు ఒంటరిగా మోటారుసైకిలు మీద, వీలైనంతవరకు పెద్ద రోడ్లు వదిలి పల్లెదారుల వెంట వెళ్లినప్పుడు ఈ రెండు మాటలనూ జనం నోట వినే అవకాశం నాకు కలిగింది. తోడు ఎవరూ లేనప్పుడు ఊరూరా బండి ఆపి దారి అడగక తప్పదు. అలా అడిగిన కొద్దీ దారికి పేరు మారుతూ వచ్చింది.

తణుకు, తాడేపల్లిగూడెం మధ్య అడిగితే “ఇలా పుంతమ్మట వెళ్లిపోండి” అన్నారు. అమ్మట అంటే వెంబడి. కృష్ణ దాటి అమరావతి మీదుగా సత్తెనపల్లి వైపు సాగేసరికి అటువంటి దారే డొంక అయింది. మాచర్ల మీదుగా వెళ్లి నాగార్జునసాగర్ దాటాక ఒక పెద్దామె “గీ తొవ్వ పట్టుకొని సీదా పో బిడ్డా” అని చెయ్యి చూపించింది. ఆ తొవ్వ మన కావ్యాల్లోని త్రోవే. పొలాలకు బండ్లు పోయే దారిని అక్కడ బండ్లబాట అన్నారు.

పుంత అన్నా డొంక అన్నా ఊరి నుంచి పొలాలకూ, పక్క ఊరికీ ఎడ్లబండ్లూ పశువులూ నడిచే మట్టిదారే. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు, అందరిదీ. అందుకే రెవెన్యూ లెక్కల్లో నేటికీ “పుంత పోరంబోకు”, “డొంక పోరంబోకు” అనే రాస్తారు. ఊరుమ్మడి నేలకు తమిళం నుంచి వచ్చిన ఆ పోరంబోకు అన్న మంచి మాట, మనిషిని తిట్టే మాటగా దిగజారడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక తొక్కడం సంగతి. రోడ్డును వేస్తారు, పుంతను ఎవరూ వేయరు. పదిమంది నడవగా నడవగా, బండ్లు తిరగగా తిరగగా అది దానంతట అదే పడుతుంది. కనుక “కవిత్వం కొత్త పుంతలు తొక్కింది” అన్నప్పుడు తొక్కడం అన్న క్రియ అలంకారం కోసం వచ్చింది కాదు, పుంత పుట్టే తీరే అది. “కొత్త పుంతలు వేసింది” అని ఈమధ్య కొందరు రాస్తున్నారు. పుంతలో నడిచినవారెవరూ ఆ మాట అనరని నా నమ్మకం.

ఒకే రకం దారికి ఉన్న రెండు పేర్లలో పుంత మెచ్చుకోలులోకి వెళ్లగా, డొంక మాత్రం “డొంకతిరుగుడు” అన్న నిందలో చిక్కుకుంది. ఆ నింద ఎందుకు వచ్చిందో సత్తెనపల్లి దాటాక నాకు అనుభవమైంది. ముందురోజు రాత్రి వాన కురవడంతో నల్లరేగడి మట్టి ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా కూరుకుపోయి, చక్రం తిరగడమే మానేసింది. పత్తితీతకు వెళుతున్న ఒక పెద్దాయన కందికట్టె అందించి, ఆ మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడివచ్చేదాకా పక్కనే నిలబడి, “వానొస్తే డొంకే వాగు అబ్బాయ్, చప్టా దాటినాక ఎడంచేతికి తిరుగు” అన్నాడు. బండిచక్రాలూ వాననీళ్లూ కోసుకుంటూ పోవడం వల్ల ఆ డొంక రెండువైపుల చేల కంటే నడుములోతు పల్లంలో ఉంది, గట్ల మీద చిల్లచెట్లు కమ్ముకొని ఉన్నాయి. కూతవేటు దూరంలో గుడి ధ్వజస్తంభం కనబడుతూనే ఉన్నా, చేల హద్దులను అనుసరించి మలుపు మీద మలుపు తిరిగి అక్కడికి చేరేసరికి మీటరులో మూడున్నర కిలోమీటర్లు దాటింది. సూటిగా చెప్పక చుట్టూ తిప్పే మాటకు ఇంతకంటే తగిన పోలిక నాకు తోచదు.

“తీగ లాగితే డొంకంతా కదిలిందన్న సామెతలో డొంక పొద కదా, డొంకతిరుగుడు కూడా పొద చుట్టూ తిరగడమే ఎందుకు కాకూడదు?” అని ఒక సభ్యురాలు ఇదివరకే అడిగారు. అమ్మా, సామెతలోది పొదే, అందులో సందేహం లేదు. డొంకతిరుగుడులో మాత్రం దారి అన్న అర్థానికే నా మొగ్గు. ఇరువైపులా పొదలు కమ్మిన దారి కావడం వల్లనే పొద పేరు దారికి వచ్చి ఉండవచ్చునని ఆ చిల్లచెట్ల మధ్య బండి తోసుకుంటూ వెళ్లినప్పుడు నాకు అనిపించింది. ఇది నా ఊహ మాత్రమే. శ్రీకాకుళం, అనంతపురం వైపు పొలాలకు పోయే బండిదారిని ఏమంటారో, అక్కడి నుడికారాల్లో ఆ మాట మెచ్చుకోలుకు వాడతారో నిందకు వాడతారో ఆ ప్రాంతాలవారు రాయవలసిందిగా కోరుతున్నాను.